ఓసుమి పరిశోధన జీవితాన్ని సైటేషన్ల లెక్కతో ఎలా చదవాలి?

ప్రశ్న: కణవిద్యార్థిని

నమస్కారం. నేను కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. మా విభాగంలో నెలకొకరు ఒక శాస్త్రవేత్త పరిశోధన జీవితం గురించి గంటసేపు ప్రసంగించే ఆనవాయితీ ఉంది. వచ్చే నెల వంతు నాది. ఆటోఫజీ, అంటే కణం తన భాగాలను తానే జీర్ణించుకునే ప్రక్రియ, ఎలా జరుగుతుందో తేల్చినందుకు 2016లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమిని ఎంచుకున్నాను. మొదటి స్లైడులోనే ఆయన సైటేషన్ల గ్రాఫు, అంటే ఆయన పత్రాలను ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు ఉల్లేఖించారన్న లెక్క, దాన్నుంచే తీసే హెచ్ ఇండెక్స్ అనే సూచిక పెట్టమని మా గైడు గారు సూచించారు. ఆ పని మొదలుపెట్టాక మూడు చోట్ల ఆగిపోయాను.

ఆటోఫజీకి అవసరమైన జన్యువులను మొదటిసారి ఒక వరుసగా బయటపెట్టిన 1993 నాటి పత్రం నేచర్‌లోనో సెల్‌లోనో కాక ఫెబ్స్ లెటర్స్‌లో వచ్చింది. మా విభాగంలో ఆ పత్రికలో అచ్చయిన పత్రం చూపిస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండోది, ఓసుమి పేరున్న పత్రాలను సైటేషన్ల క్రమంలో పేర్చి చూస్తే, నోబెల్ కమిటీ మూలపత్రాలుగా ఎత్తిచూపిన 1992, 1993 నాటి పత్రాల కంటే పైన 2000లో ఎంబో జర్నల్‌లో వచ్చిన ఎల్‌సీ3 ప్రోటీన్ పత్రం ఉంది. మూడోది, సైటేషన్ల ఆధారంగా నోబెల్ స్థాయి శాస్త్రవేత్తలను గుర్తిస్తూ అప్పట్లో థామ్సన్ రాయిటర్స్ సంస్థ ప్రకటించిన జాబితాలో 2013లో ఓసుమితో పాటు డేనియల్ క్లియాన్‌స్కీ, నొబోరు మిజుషిమా పేర్లు కూడా ఉన్నాయి. బహుమతి మాత్రం ఒక్కరికే వచ్చింది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే సైటేషన్ల లెక్కకు ఏమి అర్థం చెప్పుకోవాలో తేలడం లేదు. అసలు ఆ గ్రాఫు పెట్టవచ్చా, పెడితే దాని పక్కన ఏమి చెప్పాలి? ఈ రంగంలో పనిచేసేవారు వివరిస్తే కృతజ్ఞురాలిని.


జవాబు 1: ఈస్ట్ పనివాడు

మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ప్రయోగాన్ని చెప్పాలి. ఆ ప్రయోగం అర్థమైతే ఆ పత్రం ఆ పత్రికలో ఎందుకు వచ్చిందో, తొలి ఏళ్లలో దాన్ని ఎందుకు కొద్దిమందే చదివారో దానంతటదే తెలుస్తుంది.

ఓసుమి 1945లో ఫుకువోకాలో పుట్టారు. టోక్యో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశాక న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ ఎడెల్‌మన్ దగ్గర చేరారు. అక్కడ మొదట ఎలుక అండాలను శరీరం బయట ఫలదీకరించే పని చేశారు, తర్వాత ఈస్ట్ వైపు మళ్లారు. 1977లో టోక్యోకు తిరిగివచ్చి యసుహిరో అన్‌రాకు ప్రయోగశాలలో ఈస్ట్ కణంలోని రిక్తిక పొర మీద పదార్థాల రవాణాను అధ్యయనం చేశారు. రిక్తిక అంటే అప్పట్లో చాలామందికి కణపు చెత్తబుట్ట. పోటీ లేని చోట పనిచేయడం తనకు ఇష్టమని ఓసుమి తర్వాత పలుమార్లు చెప్పారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది గాని, పోటీ లేని చోట సైటేషన్లు కూడా ఉండవు. 1988లో సొంత ప్రయోగశాల దొరికేనాటికి ఆయన వయసు 43. మన దగ్గర ఆ వయసులో ఒకాయన తొలిసారి స్వతంత్రంగా ప్రయోగశాల పెడతానంటే ఎంపిక సంఘాలు ఎలా చూస్తాయో మీకు తెలుసు.

ఆ ఏడాదే ఆయన వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది. జంతుకణాల్లో లైసోజోమ్ అనే సంచి చేసే జీర్ణించే పనిని ఈస్ట్‌లో రిక్తిక చేస్తుంది. క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో ఆటోఫజీ అన్న పేరు పెట్టినప్పటికీ, ఆ ప్రక్రియను చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద స్థిరచిత్రాలే గతి. అది ఎప్పుడు మొదలవుతుందో, ఏ జన్యువుల వల్ల నడుస్తుందో పట్టుకునే దారి లేదు. ఓసుమి రిక్తికలో ప్రోటీన్లను కరిగించే ఎంజైములు లేని ఈస్ట్ రకాన్ని తీసుకుని, నత్రజని లేని మాధ్యమంలో ఉంచి ఆకలికి గురిచేశారు. లోపలికి వచ్చిన సరుకును కరిగించే ఎంజైమే లేకపోతే ఆ సరుకు పోగుపడాలి కదా అన్నది ఆయన ఊహ. కొన్ని గంటల్లోనే రిక్తిక నిండా గుండ్రటి సంచులు కదలాడుతూ మామూలు కాంతి సూక్ష్మదర్శినిలోనే కనిపించాయి. ఈ పరిశీలన 1992లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వచ్చింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పని మిసుజు బాబాది. ప్రసంగంలో ఆమె పేరు తప్పక చెప్పండి.

కంటికి కనిపించే లక్షణం దొరికితే జన్యుశాస్త్రజ్ఞుడికి దారి దొరికినట్టే. ఓసుమి, ఆయన విద్యార్థిని మికి త్సుకాడా కలిసి ఈస్ట్‌లో రసాయనంతో ఉత్పరివర్తనలు కలిగించి, ఆకలి పెట్టినా సంచులు పోగుపడని కణాల కోసం సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క కాలనీని వెతికారు. మొదట ఒకే ఒక్కటి దొరికింది. ఆ మ్యూటెంట్ ఆకలిలో మామూలు ఈస్ట్ కంటే త్వరగా చచ్చిపోతోందని గమనించి, ఆ బలహీనతనే జల్లెడగా వాడి మిగిలినవి పట్టారు. మొత్తం 15 జన్యువులు. 1993 పత్రం చెప్పింది ఇంతే. ఆ జన్యువులు ఏమిటో, వాటి ప్రోటీన్లు ఏమి చేస్తాయో అందులో లేదు, ఉండే అవకాశమూ లేదు. వాటిని ఒక్కొక్కటిగా క్లోన్ చేసి చూస్తే తెలిసిన ప్రోటీన్లు వేటికీ పెద్దగా పోలిక లేదు. జబ్బుతో సంబంధం లేదు, మనిషితో సంబంధం ఉన్నట్టు తెలియదు, జన్యువుకు ముఖం లేదు. అటువంటి చిన్న పత్రాన్ని త్వరగా అచ్చువేసే పత్రిక ఫెబ్స్ లెటర్స్. మరుసటి ఏడాది జర్మనీలో మైఖేల్ తుమ్ బృందం స్వతంత్రంగా చేసిన ఇటువంటి గాలింపు కూడా అదే పత్రికలో వచ్చింది. ఈ రంగానికి పునాది వేసిన గాలింపుల్లో రెండు ఒకే మామూలు పత్రికలో వరుస ఏళ్లలో రావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

లెక్కలు మారడం 1996 తర్వాత మొదలైంది. ఓసుమి ఒకజాకిలోని జాతీయ మౌలిక జీవశాస్త్ర సంస్థకు మారారు. తమోత్సు యోషిమోరి, వైద్యుడిగా శిక్షణ పొందిన మిజుషిమా అక్కడ ఆయనతో చేరారు. 1998లో నేచర్‌లో ఒక ప్రోటీన్ మరో ప్రోటీన్‌కు, యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ ఇతర ప్రోటీన్లకు అతుక్కునే పద్ధతిలోనే, అతుక్కోవడాన్ని, 2000లో మళ్లీ నేచర్‌లో ఇంకో ప్రోటీన్ ఏకంగా పొరలోని కొవ్వు అణువుకే అతుక్కోవడాన్ని ఆ ప్రయోగశాల చూపించింది. జీవరసాయనికంగా ఇవి ఎవరూ ఊహించని సంగతులు. ఈ రెండు వ్యవస్థలూ క్షీరదాల్లోనూ ఉన్నాయని తేలడంతో ఈస్ట్ వాళ్ల గొడవ కాస్తా అందరి గొడవ అయింది.


జవాబు 2: లెక్కల లైబ్రేరియన్

పై జవాబులో ప్రయోగం సంగతి చక్కగా వచ్చింది కనుక నేను లెక్కల సంగతికే పరిమితమవుతాను. పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఈ గణాంకాలు తీసిపెట్టడం నా రోజువారీ పని.

మీ రెండో చిక్కు, అంటే ఎల్‌సీ3 పత్రం పైన ఉండటం, అసలు చిక్కే కాదు. 2000 నాటి ఆ పత్రం క్షీరద కణాల్లో ఆటోఫజీ జరుగుతోందో లేదో కొలవడానికి ఒక గుర్తును అందించింది. అప్పటి నుంచి క్యాన్సర్ మీదో, నాడీవ్యాధుల మీదో, క్షయ బాక్టీరియా మీదో పనిచేసే ఏ ప్రయోగశాల అయినా తమ కణాల్లో ఎల్‌సీ3 కొలిచినప్పుడల్లా దాన్ని ఉల్లేఖిస్తుంది. అంటే అది ఒక ఆవిష్కారంగా ఎంత ఉల్లేఖితమో, ఒక పనిముట్టుగా అంతకంటే ఎక్కువ ఉల్లేఖితం. పైగా ఆ పత్రపు రచయితల వరుసలో చివరి పేరు యోషిమోరిది. ఓసుమిది దాని ముందున్న పేరు. ఓసుమి ఖాతాలో ఆ సంఖ్యను చూపేటప్పుడు ఈ వివరం చెప్పడం న్యాయం.

పనిముట్ల పత్రాలు సైటేషన్లలో అగ్రస్థానాన ఉండటం కొత్త కాదు. ప్రపంచంలోనే అత్యధికంగా ఉల్లేఖించబడిన పత్రం 1951లో లౌరీ బృందం రాసిన, ప్రోటీన్ పరిమాణాన్ని కొలిచే పద్ధతి. దాని సైటేషన్లు 3 లక్షలు దాటాయి. ఇక్కడ తెలుగువారికి ఒక సొంత ఉదాహరణ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలత పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటి ప్రయోగశాలల్లో నడిచింది, విపరీతంగా ఉల్లేఖించబడింది. ఆ సైటేషన్లు ఆయనకు హార్వర్డ్‌లో శాశ్వత పదవిని తేలేదు. 1940లో ఆయన లెడర్లే కంపెనీకి వెళ్లిపోయారు. ఇది మీ అంశానికి కొంచెం పక్కదే అయినా ఒక వాక్యంలో చెప్పుకోదగ్గది.

ఇక పత్రిక ప్రతిష్ఠ గురించి. ఇంపాక్ట్ ఫాక్టర్ అంటే ఒక పత్రికలో గడచిన 2 ఏళ్లలో వచ్చిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పత్రాల సంఖ్యతో భాగించగా వచ్చే సగటు. 1993 పత్రం ఆ లెక్కలో 1994, 1995 సంవత్సరాల్లో మాత్రమే పాల్గొంది. అప్పుడు ఆటోఫజీ మీద ఏడాదికి వచ్చే పత్రాలే పదుల్లో ఉండేవి. ఇప్పుడు అవి వేలల్లో ఉన్నాయి. ఆ తర్వాత ఆ పత్రానికి వచ్చిన సైటేషన్లలో ఒక్కటి కూడా ఫెబ్స్ లెటర్స్ ఇంపాక్ట్ ఫాక్టర్‌లోకి చేరలేదు. పత్రిక సగటును బట్టి పత్రానికి విలువ కట్టేవారు ఈ ఒక్క సంగతిని నిదానంగా ఆలోచిస్తే చాలు.

హెచ్ ఇండెక్స్‌కు మరో లోపం ఉంది. భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ సూచిక ప్రకారం, కనీసం 40 సైటేషన్లున్న పత్రాలు ఒకరికి 40 ఉంటే, 41 చొప్పున ఉన్నవి 41 లేకపోతే, ఆ వ్యక్తి సూచిక 40. ఆ 40లో ఒక పత్రానికి 45 వచ్చినా 4,500 వచ్చినా సూచిక కదలదు. కాబట్టి ఒక రంగాన్నే పుట్టించిన పత్రమూ, ఆ రంగంలో పదిమందితో పాటు రాసిన ఓ మోస్తరు పత్రమూ అందులో సమానం. ఓసుమి విషయంలో మీరు చెప్పదలచుకున్నది సరిగ్గా ఆ తేడానే అయితే, దాన్ని చెరిపేసే సంఖ్యను మొదటి స్లైడులో పెట్టడం ఎందుకో ఆలోచించండి. మీ గైడు గారిని నొప్పించకుండా, దాన్ని చివరి స్లైడుకు జరపవచ్చు.

మరొక జాగ్రత్త. ఆటోఫజీని కొలిచే పద్ధతులపై క్లియాన్‌స్కీ సారథ్యంలో కొన్నేళ్లకొకసారి మార్గదర్శక పత్రం వస్తుంది. 2016 నాటి దానికి 2,000 మందికి పైగా రచయితలు ఉన్నారు. దానికి వచ్చే వేల సైటేషన్లు అందరి ఖాతాల్లోనూ పూర్తిగా పడతాయి. ఈ రంగంలో ఎవరి గ్రాఫు గీసినా ముందు దాన్ని, సమీక్షా వ్యాసాలను పక్కన పెట్టి మరోసారి గీసి చూడండి. రెండు గ్రాఫుల తేడా మీ ప్రసంగానికి బాగా పనికివస్తుంది.


జవాబు 3: సందేహి

పై ఇద్దరి మాటలతో నాకు పేచీ లేదు గాని, వాటిని చదివిన విద్యార్థులు "చిన్న పత్రికలో వేసినా ఫరవాలేదు, సైటేషన్లు రాకున్నా ఫరవాలేదు, ఓసుమికీ అలాగే జరిగింది" అన్న ఊరటతో వెళ్లిపోతారేమోనని నా భయం. 1993లో ఫెబ్స్ లెటర్స్‌లో వచ్చిన మిగతా వందల పత్రాల రచయితల పేర్లు మనం తలచుకోవడం లేదు. గెలిచినవాడి కథను వెనక్కి చదివితే అతని ప్రతి అడుగూ ముందుచూపుగానే కనిపిస్తుంది.

మూడో ప్రశ్న దగ్గర సైటేషన్లకు దక్కవలసిన మర్యాద దక్కలేదని కూడా అనిపిస్తోంది. 2013 జాబితా నోబెల్ కంటే 3 ఏళ్ల ముందే ఓసుమి పేరు చెప్పింది. వేలమంది తమ పత్రాల చివర రాసుకున్న ఉల్లేఖనాలే ప్రధాన ఆధారంగా ఆ మూడు పేర్లు తేలాయి. ఇది చిన్న విషయం కాదు. ఆ లెక్క చెప్పలేనిది ఆ ముగ్గురిలో ఎవరి పని లేకపోతే మిగిలినది మొదలయ్యేది కాదు అన్న సంగతి. నోబెల్ నియమాల ప్రకారం ముగ్గురి దాకా పంచవచ్చు. కాబట్టి ఒక్కరికే ఇవ్వడం చోటు లేక కాదు, ఉద్దేశపూర్వకంగా చేసిన తీర్పు. ఆ తీర్పుతో ఏకీభవించనివారు ఉండవచ్చు. క్లియాన్‌స్కీ బృందం ఈస్ట్‌లో మరో దారిన వెళ్లి ఇవే జన్యువుల్లో చాలావాటికి చేరింది. ఆటోఫజీ లేని ఎలుక పిల్లలు పుట్టిన వెంటనే వచ్చే ఆకలిని తట్టుకోలేవని 2004లో చూపింది మిజుషిమా బృందం. మెదడు నాడీకణాల్లో ఆటోఫజీని ఆపేస్తే మరే ఉత్పరివర్తన లేకుండానే ఆ కణాలు క్షీణిస్తాయని 2006లో నేచర్‌లో పక్కపక్కన వచ్చిన రెండు పత్రాల్లో ఒకటి కూడా వారిదే. బెత్ లెవీన్ 1999లో ఆటోఫజీ జన్యువైన బెక్లిన్ 1ను కణితులతో ముడిపెట్టారు. ఓసుమి పాత పత్రాలకు సైటేషన్లు ఎగబాకడానికి ప్రధాన కారణం ఇలాంటి ఇతరుల పనే. 1993 పత్రం తనంతట తాను మారలేదు. దాని చుట్టూ ఒక ఊరు వెలిసింది, అందుకే ఊరి మధ్య ఉన్న పాత బావికి విలువ పెరిగింది.

నాకు తెలిసిన ఒక పదోన్నతి సంఘంలో, దరఖాస్తుదారుల పత్రికల ఇంపాక్ట్ ఫాక్టర్లను దశాంశ బిందువు తర్వాత మూడు అంకెల దాకా కూడి, 0.2 తేడాతో ఒకరిని వెనక్కి పంపారు. ఆ పత్రాలను ఎవరూ తెరిచి చూడలేదు. ఈ ధోరణిపై తిరుగుబాటు జెండా ఎగరేసింది కణజీవశాస్త్రజ్ఞులేనన్నది మీ ప్రసంగానికి సరిపోయే సంగతి. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికన్ కణజీవశాస్త్ర సంఘం వార్షిక సమావేశం జరిగినప్పుడు కొందరు సంపాదకులు, ప్రచురణకర్తలు కూర్చుని, పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్‌ను వ్యక్తి పరిశోధన నాణ్యతకు కొలమానంగా వాడరాదని ఒక ప్రకటన తయారుచేశారు. 2013లో విడుదలైన ఆ ప్రకటననే డోరా అంటారు. జీవవైద్య పరిశోధనకు నిధులిచ్చే, హైదరాబాదులో కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ కూడా దానిపై సంతకం చేసిన సంస్థల్లో ఉంది. సంతకాలు చేసిన చోట్లయినా ఆచరణ ఏ మేరకు మారిందన్నది వేరే చర్చ.


కణవిద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. లైబ్రేరియన్ గారు చెప్పినట్టు రెండు గ్రాఫులు గీశాను. సమీక్షలు, మార్గదర్శక పత్రాలు తీసేశాక కూడా ఎల్‌సీ3 పత్రమే పైన ఉంది, కాని 1993 పత్రపు వక్రరేఖ అప్పుడు విడిగా కనిపిస్తోంది: చాలా ఏళ్లు నేల మీద పాకి, 2000 దాటాక లేచింది. సందేహి గారి బావి మాట మా గైడు గారికి వినిపించాను. ఆయన నవ్వి, గ్రాఫును చివరికి జరపడానికి ఒప్పుకున్నారు.

ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. ఆటోఫజీ జన్యువుల పేర్లతో వెతికితే 1990ల పత్రాలు సగం కూడా దొరకడం లేదు. నేనేమైనా తప్పుగా వెతుకుతున్నానా?


ఈస్ట్ పనివాడు

తప్పు మీది కాదమ్మా. ఓసుమి బృందం ఆ జన్యువులకు ఏపీజీ అని, తుమ్ బృందం ఏయూటీ అని, క్లియాన్‌స్కీ బృందం సీవీటీ అని పేర్లు పెట్టుకున్నాయి. ఒకే జన్యువుకు రెండు మూడు పేర్లు ఉండి గందరగోళం కావడంతో 2003లో అందరూ కలిసి ఏటీజీ అన్న ఉమ్మడి పేరుకు ఒప్పుకున్నారు. మీరు ఏటీజీతో వెతికితే అంతకు ముందున్నవి జారిపోతాయి. ఉదాహరణకు ఇప్పటి ఏటీజీ8 అప్పట్లో ఒకరికి ఏపీజీ8, మరొకరికి ఏయూటీ7. మూడు పాత పేర్లతోనూ వెతకండి.


లెక్కల లైబ్రేరియన్

దీనికి ఒక మాట చేరుస్తాను. రచయిత పేరుతో వెతికేటప్పుడు ఓసుమి అన్న ఇంటిపేరు మీద వచ్చినవన్నీ ఆయనవే అనుకోవద్దు; ఆయన భార్య మారికో ఓసుమి కూడా ఈస్ట్ ఆటోఫజీ మీద పనిచేసిన శాస్త్రవేత్తే. పేరులోని మొదటి అక్షరాన్ని సరిచూడండి. ఈ విషయంలో మన తెలుగువాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట అసలు లేకుండా రాస్తాం. ఆపై రావు, రెడ్డి వంటి చివరి పేర్లను డేటాబేసులు ఇంటిపేర్లుగా తీసుకుని వందలమందిని ఒకే ఖాతాలో కుక్కుతాయి, లేదా ఒక్కరినే నలుగురిగా విడగొడతాయి. మీ మొదటి పత్రం పంపేముందే ఆర్కిడ్ (ORCID) సంఖ్య, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకుని, పేరు ఏ రూపంలో రాయాలో ఒక్కసారి నిర్ణయించుకుని, ఆపై ప్రతి పత్రంలోనూ అదే రూపంలో రాయండి.